జీలకర్ర బెల్లం వేళ

రేపల్లె ఫొటో స్టూడియోలో పెళ్ళి సినిమా తయారై కూర్చుంది. సాయంత్రం తెనాలిలో రిసెప్షన్. అక్కడ పెద్ద తెర మీద వేయాలి. క్లౌడ్‌లోకి ఎక్కిస్తే తెనాలి వాళ్ళు దించుకుంటారని మాటిచ్చింది ఎడిటింగ్ చేసే శ్రావ్య. ఓనరు నరసింహారావు ఇన్నాళ్ళూ పెన్‌డ్రైవ్‌ని బస్సు కండక్టరు చేతిలో పెట్టి పంపినవాడు. ఇది గనక వెళ్ళకపోతే ఎడిటింగ్ కుర్చీ మేనల్లుడు చంటికిచ్చి, శ్రావ్యని మళ్ళీ పాస్‌పోర్టు ఫొటోల కౌంటర్లో కూర్చోబెడతానని పొద్దున్నే చెప్పేశాడు.

శ్రావ్య రాసుకున్న ప్రోగ్రాం సినిమాని పంపబోతే, నీకు అనుమతి లేదు పొమ్మంది క్లౌడ్.

“మనం తీసిన పెళ్ళి మనం పంపుకోడానికి వాడి అనుమతేంటమ్మాయ్?” అన్నాడు నరసింహారావు.

ఫోన్లోంచి పంపిన ఫొటోలు మాత్రం వెళ్ళాయి. బరువెక్కువైందేమోనని సినిమాని ముక్కలు కోసింది. ముక్కలకీ అనుమతి లేదు. క్లౌడ్ తలుపు తీసే పాస్‌వర్డు లాంటి పాత కీ తీసేసి కొత్తది పెట్టింది. దానికీ అదే మర్యాద జరిగింది. కండక్టరు మనవాడేనని నరసింహారావు ఈలోగా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

చివరికి, క్లౌడ్ పంపిన జవాబులో ఎప్పుడూ చదవకుండా వదిలేసే అడుగు వరస చదివింది. పంపిన వేళకీ అందిన వేళకీ పొంతన లేదట. ప్రతి ముక్క మీదా కంప్యూటరు తన టైము వేసి ముద్ర కొడుతుంది. ఆ టైము బాగా తేడాగా ఉంటే క్లౌడ్ దాన్ని దొంగముద్ర కింద జమకడుతుంది.

ఆ కొట్లో గోడ గడియారంతో సహా అన్నీ అరగంట ముందుంటాయి. చెరుకుపల్లిలో ఓ పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళి, జీలకర్ర బెల్లం ఘట్టం తీయలేక మాటపడ్డ నాడు నరసింహారావు పెట్టిన కట్టుబాటది. మనసులో అరగంట తీసేసుకోవడం శ్రావ్యకి ఎంత అలవాటైందంటే, తీసేస్తున్నానన్న సంగతే మరిచిపోయింది. క్లౌడ్‌కి ఆ అలవాటు లేదు.

“బాబాయ్, కంప్యూటర్ టైము సరిచెయ్యాలండి.”

“దాని జోలికెళ్ళకు. ముహూర్తం దాటిపోతే జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టిస్తాడా మీ క్లౌడు?”

“ఇప్పుడు కదలనంటున్నది ఆ జీలకర్ర బెల్లమే బాబాయ్.”

నరసింహారావు గోడ గడియారం చూశాడు. ఈ ఒక్కసారికి కానిమ్మన్నాడు.

టైము వెనక్కి జరపగానే సినిమా బయల్దేరింది. రిసెప్షన్ మొదలయ్యేలోపే పెళ్ళికూతురి తల్లి కుసుమకుమారి ఫోన్ చేసింది. సినిమా వచ్చిందట గానీ, అందులో తన పట్టుచీర రంగు వెలిసినట్టుందట. ఆ ఫిర్యాదు విన్నాక గాని, సినిమా నిజంగా చేరిందని నరసింహారావుకి నమ్మకం కుదరలేదు.

“సరే, ఆ కుర్చీ నీదే,” అన్నాడు. “టైము మళ్ళీ ముందుకు జరుపు. రేపు పెనుమూడిలో పెళ్ళుంది.”

శ్రావ్య జరిపింది.