పదకొండు గంటల అల్మారాలు

నేను ఒక మౌస్‌ను. గోడ కలుగులో ఉండే రకం కాదు, కంప్యూటర్ పక్కన మనిషి అరచేతి కింద బతికే రకం. నలుపు ఒళ్లు, ముందు రెండు మీటలు, నడుమ చిన్న చక్రం, వెనక పొడవాటి తోక. ఇంత చిన్న ఒంట్లో ఇంత అనుమానం ఎలా పట్టిందని మీరు అడగవచ్చు. అది పుట్టుకతోనే వచ్చింది. ఫ్యాక్టరీలో నా మూత బిగించగానే చేతికి తొడుగు వేసుకున్న ఒకామె నా ఎడమ మీటను వందసార్లు, కుడి మీటను వందసార్లు నొక్కి, అప్పుడుగానీ నా పొట్టకు చీటీ అంటించలేదు. లోకం నాకు చేసిన మొదటి మర్యాద నన్ను శంకించడం.

తర్వాత కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌లో మూడేళ్లు పనిచేశాను. ఎవరైనా జేబులో వేసుకుపోతారని యజమాని నా తోకను ఇనుప తీగతో బల్లకాలికి కట్టేశాడు. అక్కడ నా మీద పడ్డ చేతులకు లెక్క లేదు. నోటితో ఫోన్‌లో ఆఫీసులో ఉన్నానని చెబుతూ, చేత్తో పేకముక్కలు పంచిన పెద్దమనుషులు ఎందరో. మనిషి మాట వేరు, చేయి వేరు అని అక్కడే నేర్చుకున్నాను. నోటిని నమ్మినవాళ్లు మోసపోతారు, నేను చేతినే చూస్తాను అనుకునేదాన్ని. ఆ గర్వం కూడా కొన్నాళ్లే నిలిచింది.

నెట్ సెంటర్ మూతపడ్డాక కంప్యూటర్‌తో పాటు నన్ను కొనుక్కున్నది మనోజ్ఞ అనే అమ్మాయి. ఇరవై నాలుగేళ్లుంటాయి. రక్తపరీక్షల సెంటర్‌లో రిసెప్షన్ ఉద్యోగం. అదే ఊళ్లో కట్టరాంపూర్‌లో రెండు గదుల ఇల్లు. తల్లి పొద్దున్నే కుట్టుపనికి వెళ్లేది. తండ్రి సదానందం ఇంట్లోనే ఉండేవాడు. ఆయన వడ్రంగి. కాదు, ఒకప్పుడు వడ్రంగి. రెండేళ్ల క్రితం కోత మిషన్ ఆయన కుడిచేతి చూపుడు వేలును, నడిమి వేలును తీసుకుంది. మిషన్ అమ్మేశాడు. కట్టె నునుపు చేసే రందలు, ఉలులు అటక మీదికి ఎక్కించాడు. ఇక కట్టె ముట్టనన్నాడు. నిజంగానే ముట్టలేదు.

మనోజ్ఞకు ఒక ఆట ఉండేది. పేరు పసిడికోట. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న లోకం. ఎక్కడెక్కడి వాళ్లో తమ తమ ఇళ్ల నుంచి ఒకేసారి అందులోకి వచ్చి ఆడతారు. మనోజ్ఞ ఉన్న జట్టుకు ఒక కోట కట్టుకోవాలని కోరిక పుట్టింది. కోట కట్టాలంటే జట్టులో ఒకరికి ఇల్లు కట్టే నైపుణ్యం ఎనభయ్యో మెట్టు దాటి ఉండాలి. ఆ పని మనోజ్ఞ నెత్తికెత్తుకుంది. అప్పటికి ఆమె నలభై ఒకటో మెట్టు మీద ఉంది.

ఆ విద్య పెరగాలంటే ఒకటే దారి. పలకలతో సామాను చేయాలి, చేసినదాన్ని విరగ్గొట్టాలి, మళ్లీ చేయాలి. మనోజ్ఞ ఏదో వీడియోలో చూసి ఖరీదైన ఎర్రకర్ర బల్లలు చేసేది. నాలుగు బల్లలకే పలకలు అయిపోయేవి. ఊరి దాకా నడిచి వెళ్లి తెచ్చుకునేది. ఉద్యోగం నుంచి వచ్చాక దొరికే ఒక్క గంటలో సగం నడకకే పోయేది. వెనక మంచం మీద పడుకుని సదానందం ఇదంతా చూసేవాడు. లేని ఇల్లు కట్టుడేందే అని ఒకసారి ఎగతాళి చేశాడు. అయినా చూపు తిప్పుకునేవాడు కాదు.

ఒకరోజు పదకొండు గంటలకు, ఇంట్లో ఇద్దరూ బయటికి వెళ్లాక, తలుపు గడియ పడిన చప్పుడైంది. కుర్చీ కిర్రుమంది. నా మీద ఒక కొత్త చేయి పడింది. గరుకైన చేయి, అందులో రెండు వేళ్లు తక్కువ. ఎడమ మీట మీదికి ఉంగరపు వేలు వచ్చింది. ముందుగా నా తలలో మెదిలింది దొంగతనమే. కూతురి ఉత్తరాలు చదవడానికి వచ్చాడనుకున్నాను. గడియ ఎందుకు వేసుకుంటాడు మరి?

ఆయన ఆట తెరిచాడు. కూతురు పాస్‌వర్డ్ కంప్యూటర్‌లోనే దాచి ఉంచడం వల్ల అదేమీ కష్టం కాలేదు. ఆమె బొమ్మను ఆమె ఇంట్లోకి నడిపించాడు. చాలాసేపు ఏమీ నొక్కకుండా చేయదగ్గ సామాన్ల పట్టీ చూశాడు. సంచిలో ఇరవై నాలుగు పలకలు పడతాయి. కుర్చీకి రెండే పలకలు, కానీ నొక్కుళ్లు ఎక్కువ. ఎర్రకర్ర బల్లకు ఆరు. మామూలు కట్టె అల్మారాకు ఎనిమిది. ఆయన పెదవులు కదిలాయి. అల్మారా ఎంచుకున్నాడు.

అల్మారా లేచి నిలబడింది. బొమ్మ అల్మారానే, అయినా ఆయన దాని తలుపులు, మూలలు, కాళ్లు పరీక్షగా చూశాడు. విరగ్గొట్టమనే మాట తెర మీదికి వచ్చింది. ఆయన వేలు నా మీట మీద ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందంటే, నాకు భయం వేసింది. చేసినదాన్ని చేత్తో విరగ్గొట్టడం ఆ చేతికి కొత్త. చివరికి నొక్కాడు. పలకలు కూడా మిగలకుండా అంతా మాయమైంది. ఆయన ఊపిరి వదిలి రెండో అల్మారా మొదలుపెట్టాడు.

నాలుగు రోజుల్లో ఆయన పద్ధతి కుదిరింది. ఊరికి నడవడం మానేశాడు. ఆటలో ప్రతి ఇంటికీ ఒక నౌకరు ఉంటాడు, వాడికి చెబితే పలకలు మోసుకొస్తాడు. మనోజ్ఞ వాడిని ఎప్పుడూ వాడలేదు. సంచి నిండా పలకలుంటే మూడు అల్మారాలు అవుతాయి కదా. రెండోది విరగ్గొట్టగానే నౌకరును పంపేవాడు. మూడోది కట్టి విరగ్గొట్టేసరికి వాడు పలకలతో తిరిగి వచ్చేవాడు. ఒక్క క్షణం వృథా పోయేది కాదు. కట్టు, విరుపు, పంపు. నా మీట మీద ఆ వేలు రంద లాగుతున్నంత సమంగా ఆడేది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా. తర్వాత కుర్చీ మీద తువ్వాలు దులిపి, నన్ను ఉన్నచోటే పెట్టి, గడియ తీసి, మంచం మీద పడుకుని నిద్ర నటించేవాడు. ఇంత జాగ్రత్త దేనికో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నేను మంచిదనుకోను.

మనోజ్ఞ మొదటిరోజే గమనించింది. నలభై మూడు ఉండాల్సినచోట నలభై ఆరు ఉంది. ఆమె చేయి నా మీద చల్లబడింది. పాస్‌వర్డ్ తెలిసినది ఇంకొకరికే. మంకమ్మతోటలో ఉండే ఝాన్సీకి. ఇద్దరూ డిగ్రీ కలిసి చదివారు, జట్టులో కలిసే చేరారు. మనోజ్ఞకు జ్వరం వచ్చినప్పుడు ఆట చూసుకొమ్మని తనే చెప్పింది. నువ్వేనా ఆడేది అని మనోజ్ఞ ఫోన్‌లో అడిగింది. అవతల ఝాన్సీ నవ్వి, నాకంత ఓపిక ఎక్కడిదన్నదట. ఆ నవ్వును మనోజ్ఞ ఒప్పుకోలు అనుకుంది. ఝాన్సీ చాటుగా సాయం చేస్తోందని తేల్చుకుంది.

పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని. ఆమె బాణపు గుర్తును అక్కడిదాకా తీసుకెళ్లింది కూడా. మళ్లీ వెనక్కి తెచ్చింది. మెట్లు పెరుగుతున్నాయి కదా. ఆ చేతిని కూడా నేను చూశాను, ఎవరికీ చెప్పలేకపోయాను.

ఈలోగా జట్టు నాయకుడికి అనుమానం తగిలింది. పేరు సుధీంద్ర, ఉండేది ఒంగోలులో. మనోజ్ఞ పగలంతా ఉద్యోగంలో ఉంటుందని అతనికి తెలుసు. మరి ఆమె బొమ్మ రోజూ అదే వేళకు, గడియారం కొట్టినట్టు, అల్మారాలు కట్టి విరుస్తోందే? మనిషి చేయి ఇంత సమంగా ఆడదు, ఏదో దొంగ ప్రోగ్రాం పెట్టిందనుకున్నాడు. మూడు రోజులు వరసగా పలకరించాడు. తెర మూలన అక్షరాలు వచ్చాయి. ఉన్నావా? ఎవరు నువ్వు? మనిషివేనా?

సదానందం ఆ ప్రశ్నలు చదివాడు. చదివాడని నాకు తెలుసు, నా మీది అరచేయి చెమర్చింది. జవాబు మాత్రం రాయలేదు. కూతురి పేరుతో ఏం రాస్తాడు? ఇంకో అల్మారా కట్టాడు.

బుధవారం సాయంత్రం మనోజ్ఞ వచ్చి ఆట తెరిస్తే తలుపు తెరుచుకోలేదు. దొంగ ప్రోగ్రాం వాడినట్టు ఫిర్యాదు అందింది కాబట్టి ఖాతా ఆపేశామని నాలుగు వాక్యాలు. మూడేళ్లుగా కూడబెట్టుకున్న కత్తులు, కవచాలు, ఆ ఇల్లు, డెబ్బై ఏడో మెట్టు, అన్నీ లోపల ఉండిపోయాయి. ఆమె కోపమంతా ఝాన్సీ మీదికి వెళ్లింది. నా పక్కనున్న కీబోర్డు అదిరేలా రాసింది. సాయం పేరుతో నా గొంతు కోశావు, నిన్ను నమ్మడం నా బుద్ధి తక్కువ అని రాసింది. ఝాన్సీ ఒకే మాట తిరిగి రాసింది, అడిగినప్పుడే కాదని చెప్పాను కదా అని. ఆ రోజే జట్టులోంచి వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం మానేసింది.

మనోజ్ఞ తల్లితో ఏడుస్తూ ఇదంతా చెబుతుంటే సదానందం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురువారం నోరు విప్పలేదు. శుక్రవారం విప్పలేదు. శనివారం కూడా కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఈయన ఇక చెప్పడు, మాట వేరు చేయి వేరు అన్నది మళ్లీ రుజువైంది అనుకున్నాను. కొంచెం తృప్తి కూడా పడ్డాను, దాచడం దేనికి.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూతురిని పిలిచి, కొత్త పేరుతో ఆట తెరవమన్నాడు. ఎందుకో తెలియక తెరిచింది. ఆయన చేయి నా మీద పడింది. మొదటి మెట్టు మీద పీట తప్ప ఏమీ చేయనివ్వరు. పీట కట్టాడు, విరగ్గొట్టాడు, కట్టాడు, విరగ్గొట్టాడు. వేలు అదే ఒరవడిలో ఆడింది. మనోజ్ఞ తెరను చూడలేదు. తండ్రి చేతినే చూస్తూ నిలబడింది.

"నువ్వా బాపూ?" అంది చివరికి.

"నేనే."

"ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె బిడ్డా? కట్టె ముట్టనని ఒట్టు పెట్టుకున్నోన్ని, బొమ్మ అల్మార్లు చేస్తున్ననని చెప్పాలెనా? నువ్వు నవ్వుతవనుకున్న." ఇంకో పీట విరగ్గొట్టి అన్నాడు. "మొదటి దినం విరగ్గొట్టబుద్ధి కాలే. తర్వాత, మా నాయిన కూడ నాతోని గట్లనే చేయించిండు గదా అనిపించింది. చేసుడు, విప్పుడు, మళ్ల చేసుడు. గట్లనే పని వచ్చింది."

మనోజ్ఞ తిట్టలేదు, నవ్వలేదు. ఆ రోజే ఆట కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసింది. దొంగ ప్రోగ్రాం కాదు, మా నాన్న అని. తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. ప్రోగ్రాం వాడలేదని ఒప్పుకున్నారు. కానీ ఒక ఖాతాను ఒక్కరే ఆడాలన్నది నియమమట, అది తప్పినందుకు ఖాతా శాశ్వతంగా మూసేశారు. అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదోనని నేను ఇప్పటికీ అనుకుంటాను. సుధీంద్ర మాత్రం క్షమించమని పొడుగ్గా రాశాడు. రాస్తూనే, మీ నాన్నగారు మా జట్టులో చేరతారా అని అడిగాడు.

ఝాన్సీ దగ్గరికి వెళ్లడానికి మనోజ్ఞకు మొహం చెల్లలేదు. మూడుసార్లు చెప్పులేసుకుని మూడుసార్లు విడిచింది. అప్పుడు సదానందం నన్ను కంప్యూటర్ నుంచి ఊడదీసి, తోక చుట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు. నా జీవితంలో ఆటో ఎక్కడం అదే మొదటిసారి.

ఝాన్సీ తలుపు తీసి, ఎవరో పోల్చుకుని, కూర్చోమంది. మొహంలో నవ్వు లేదు. ఆయన మాటలేమీ పెట్టుకోలేదు. నీ కంప్యూటర్ ఒకసారి పెట్టు బిడ్డా అన్నాడు. నన్ను దానికి తగిలించి, ఝాన్సీ ఆటలో, ఝాన్సీ అనుమతితో, ఆమె ఇంట్లో ఒక అల్మారా కట్టి విరగ్గొట్టాడు. నౌకరును ఎప్పుడు పంపాలో చూపించాడు. ఆమె ఆ చేతివంక చూసింది, తర్వాత ఆయన మొహంవంక.

"అది మీరా అంకుల్?" అంది.

"నేనే. నా వల్ల నువ్వు మాట పడ్డవు."

"తిట్టింది మీరు కాదు గదా. మనోజ్ఞ ఎందుకు రాలే?"

"అదీ రావాలె. కానీ తప్పు నాతోని మొదలైంది, ముందు నేను రావాలె."

ఝాన్సీ లేచి టీ పెట్టింది. ఆయన తాగి, లేచి వెళ్లిపోయాడు. నేను ఆమె బల్ల మీదే ఉండిపోయాను. పాపం మరిచిపోయాడని ఝాన్సీ వాళ్లమ్మతో అంది. నేను నమ్మను. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి పనిచేసి, ఒక్క మేకు కూడా ఎవరింట్లోనూ వదలకుండా సర్దుకొచ్చిన మనిషి, జేబులో తెచ్చుకున్నదాన్ని మరిచిపోతాడా?

మూడో రోజు మనోజ్ఞ వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"బాపు మౌస్ మరిచిపోయిండట. తీస్కపోతందుకు వచ్చిన."

ఝాన్సీ నన్ను చేతిలోకి తీసుకుంది. ఇవ్వలేదు.

"లోపలికి వచ్చి అడుగు," అంది.

మనోజ్ఞ లోపలికి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకరు ఏడ్చారు. ఎవరో చెప్పను. పోయేటప్పుడు నన్ను తీసుకుపోవడం ఆమెకు గుర్తు రాలేదు.

అది జరిగి ఏడు నెలలైంది. సదానందం కొత్త మౌస్‌తో, సొంత పేరుతో ఎనభై మూడో మెట్టు ఎక్కాడని, జట్టు కోట గోడలు లేస్తున్నాయని వింటున్నాను. మనోజ్ఞ ప్రతి ఆదివారం ఇక్కడికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ మౌస్ కోసమే వచ్చానంటుంది. సాయంత్రానికి వట్టి చేతులతో వెళుతుంది.

నా ఎడమ మీట అరిగిపోయింది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పలుకుతున్నాను. దేనికీ పనికిరాని నన్ను ఝాన్సీ ఎందుకు పారేయడం లేదో ఆరా తీయవచ్చు. ఇంతకుముందైతే తీసేదాన్నే.