లోటు లేని ఉత్తరాలు

జూలై నెలలో గోడలకి రంగు వెయ్యడానికి ఎవరైనా వస్తారా? వచ్చారు. ఎనభై నాలుగో సంవత్సరంలో, రాజోలు దగ్గరున్న ఆ అనాథ పిల్లల హాస్టలుకి, కెనడా నుంచి ఏడుగురు, తమ బ్రష్షులు తామే తెచ్చుకుని మరీ వచ్చారు.

తప్పు వాళ్ళది కాదు. జూలైలో రావచ్చా, మీకు వీలవుతుందా అని వాళ్ళు వేసవిలోనే ఉత్తరం రాశారు. హాస్టలు మేనేజరు కనకరాజుగారు దానికి, మీరు ఎప్పుడొస్తే అప్పుడే మాకు పండగ అని జవాబు రాయించారు. రాసింది ఇశ్రాయేలు మాస్టారు. వానలు కదండీ, క్రిస్మస్ ముందు రమ్మందామా అని ఆయన నసిగితే, ఇంత దూరం వస్తామన్నవాళ్ళకి ఇప్పుడు కాదు అప్పుడు అని చెబుతామా అన్నారు కనకరాజుగారు. అదీ నిజమే అనిపించింది మాస్టారికి. దాంతో భోజనాల షెడ్డుకి పొద్దున్న వేసిన నీలం రంగు మధ్యాహ్నం వానకి చారలు కట్టి కిందికి కారిపోతుంటే, వచ్చినవాళ్ళు చూరు కింద నిలబడి దిగులుగా చూస్తున్నారు. పిల్లలకి నవ్వాగలేదు. మేనేజరుగారు కళ్ళెర్రజేస్తే నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఇశ్రాయేలు మాస్టారు మిషను ప్రాథమిక పాఠశాలలో టీచరు. సంఘంలో పెద్ద. హైస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషుని బైబిలు చదివి, రేడియో విని నిలబెట్టుకున్నారు. హాస్టల్లో ఒక్కో పిల్లకీ పిల్లాడికీ పైదేశంలో ఒక్కో దాత ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకీ క్రిస్మస్‌కీ, పిల్లలు దాతకి తెలుగులో ఉత్తరం రాస్తారు. దాన్ని మాస్టారు కింద ఇంగ్లీషులో రాస్తారు. తొమ్మిదేళ్ళుగా అదే పని. జీతం లేదు, ఆయన అడగనూ లేదు. దేవుడి పని అనుకున్నారు.

ఆ పిల్లల్లో దీనమ్మ ఒకతె. తండ్రి కొబ్బరి దింపు తీసేవాడు, చెట్టు మీంచి పడి చనిపోయాడు. మరుసటి ఏడు తల్లి కామెర్లతో పోయింది. ఏడేళ్ళ పిల్లని మేనమామ సూరిబాబు తెచ్చి హాస్టల్లో దిగబెట్టాడు. ఆ పిల్లకి ఇప్పుడు పదహారు. మొన్న జూన్‌లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయింది. గోదావరి అవతల మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు చెయ్యాలని ఆ పిల్ల కోరిక. మూడేళ్ళ చదువు. హాస్టలు రూలేమో పదహారు నిండితే ఫైలు మూసెయ్యమంటుంది. ఆగస్టు ఆఖరికి పెట్టె సర్దుకోవాలి. సూరిబాబు అప్పుడే కొబ్బరి పీచు మిల్లులో మేస్త్రీతో మాట్లాడి ఉంచాడు. దాత గనక ఇంకో మూడేళ్ళు తన చెయ్యి తియ్యనంటే ట్రైనింగు, లేదంటే పీచు. ఆ దాత, ఎడ్నా అనే అరవై ఏళ్ళ ఆవిడ, ఈ ఏడుగురిలో ఉంది.

దాతలు తమ పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడానికి రెండో రోజు సాయంత్రం ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చారు. ముందు రోజే కనకరాజుగారు పిల్లలందర్నీ వరసలో కూర్చోబెట్టి, ఎవరూ ఏమీ అడక్కూడదని ఖండితంగా చెప్పారు. అడిగితే హాస్టలు పరువు పోతుందన్నారు. పక్కనున్న మాస్టారు తలూపారు.

ఆ రాత్రి అన్నం తింటూ మాస్టారు దీనమ్మ సంగతి ఎత్తారు. రేపు ఆవిడతో ఎలాగైనా ఒక మాట వెయ్యాలి, కానీ ఎలా వెయ్యాలో తెలియడం లేదన్నారు. ఆయన భార్య సుందరమ్మ మజ్జిగ పోస్తూ, "ఆదివారం గుళ్ళో మీరే కదండీ చెప్పేరు, దేవుణ్ణి అడగడానికి మొహమాటపడకూడదని. మనిషి దేవుడి కంటే పెద్దవాడా ఏంటి?" అంది. దేవుణ్ణి అడిగినప్పుడు పక్కన మేనేజరు ఉండడు అనుకున్నారు మాస్టారు గానీ, అది జవాబు కాదని ఆయనకే తెలుసు.

మర్నాడు దీనమ్మ కొత్త గౌను వేసుకుని, రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా ఎడ్నాగారు, మధ్యలో మాస్టారు. ఆవిడ సంచీలోంచి ఒక కట్ట తీసింది. దీనమ్మ రాసిన పద్దెనిమిది ఉత్తరాలు. ఒక్కటి కూడా పారెయ్యలేదు. చూడగానే మాస్టారి గుండె నిండిపోయింది.

ఆవిడ నెమ్మదిగా, ఆయనకి అర్థమయ్యేలా మాట్లాడింది. తొమ్మిదేళ్ళ ఉత్తరాల్లో ప్రతిదీ ఒకే మాటతో మొదలైందట: దేవుని కృపవల్ల, మీ దయవల్ల నాకు ఏ లోటూ లేదు. అది చదివినప్పుడల్లా తన మనసు చల్లబడేదట. ఈ పిల్ల గట్టున పడింది, ఇక నా సాయం ఏ దిక్కూ లేని ఇంకో పిల్లకి వెళ్ళాలి, వచ్చే నెల నుంచి మరో దేశంలో ఒక పాపకి పంపుతున్నాను, ఈ మాట ఉత్తరంలో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాలని ఇంత దూరం వచ్చాను అంది. చెబుతూ దీనమ్మ చెయ్యి పట్టుకుంది.

ఏ లోటూ లేదు అన్న మాట దీనమ్మది కాదు. మాస్టారిది. ఆయన చిన్నప్పుడు బోర్డింగులో ఉన్నప్పుడు, మిషను దొరగారు వచ్చి తిన్నావా అబ్బాయ్ అంటే, తినకపోయినా ఆయ్ తిన్నానండి అనమని తండ్రి నేర్పాడు. అన్నం పెట్టినవాళ్ళ ముందు మన ఆకలి చెప్పుకోకూడదు, అది వాళ్ళని దెప్పినట్టు ఉంటుంది అనేవాడు. మాస్టారు పిల్లల ఉత్తరాలన్నీ అదే మర్యాదతో రాసుకుంటూ వచ్చారు. షెడ్డు కారుతోందని పిల్లలు రాస్తే ఆ ముక్క వదిలేసేవారు. పలక పగిలిందంటే వదిలేసేవారు. ఇది అబద్ధమని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

ఆవిడ చెప్పిన మాటలు మాస్టారు దీనమ్మకి తెలుగులో చెప్పారు. దీనమ్మ రెప్ప వెయ్యకుండా విని, "ఆయ్, మంచిదండి," అంది.

వెళ్ళేముందు నీకేమైనా కావాలా అని ఎడ్నాగారు అడిగింది. మాస్టారు అదీ చెప్పారు. మూడడుగుల దూరంలో స్తంభానికి ఆనుకుని కనకరాజుగారు ఉన్నారు. దీనమ్మ తల అడ్డంగా ఊపి, "ఏం వద్దండి. మీ దయ ఉంటే చాలండి," అంది.

మాస్టారు ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఈ పిల్ల నర్సు చదువు చదవాలనుకుంటోందమ్మా. మూడేళ్ళు. మీరు తప్ప దిక్కు లేదు," అనేశారు.

ఎడ్నాగారు దీనమ్మని చూసింది, ఆయన్ని చూసింది. "కానీ ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నేను చూశాను."

"వద్దనడం మేం నేర్పామమ్మా. నేను నేర్పాను. లోటు లేదన్న మాట కూడా నాదే."

ఆవిడ కట్టలోంచి ఒక ఉత్తరం లాగి ఆయన ముందు పెట్టింది. దీనమ్మ తొమ్మిదో ఏట రాసింది. అందులో మాస్టారి ఇంగ్లీషులో, వానరాత్రుల్లో మేం అక్కచెల్లెళ్ళలా ఒకరినొకరు పట్టుకుని పడుకుంటాం అని ఉంది. ఇది మా సంఘంలో అందరికీ చదివి వినిపించాను, ఎంత మురిసిపోయామో, ఇందులో పిల్ల నిజంగా ఏం రాసింది అని అడిగింది. మాస్టారు పైనున్న తెలుగు వైపు చూశారు. చూడక్కర్లేకుండానే ఆయనకి గుర్తుంది. దుప్పట్లు చాలడం లేదు, ముగ్గురికి ఒకటే ఇచ్చేరు, మూల పడుకున్నవాళ్ళు తడిసిపోతున్నారు అని రాసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఉత్తరాలు మళ్ళీ కట్టకట్టి, ముడి సరిగా పడక రెండుసార్లు వేసి, "అయితే తొమ్మిదేళ్ళుగా నేను ఎవరితో మాట్లాడుతున్నాను?" అంది. ఈలోగా కనకరాజుగారు నవ్వుతూ వచ్చి, టైమయిందండి, టీ చల్లారిపోతోందండి అని ఆవిణ్ణి లోపలికి తీసుకుపోయారు. ఏ సంగతీ తేలలేదు. మర్నాడు పొద్దున్నే వ్యాను అమలాపురం మీదుగా వెళ్ళిపోయింది. షెడ్డు గోడ సగం నీలం, సగం పాత సున్నంగా ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు దీనమ్మని పిలిచి, నీకోసం అడిగానమ్మా, ఏదో ఒకటి జరుగుతుంది, ప్రార్థన చెయ్యి అన్నారు. ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నారు. దీనమ్మకి పాఠంలో వచ్చినంత ఇంగ్లీషు వచ్చు. ఆయన ఏమన్నారో ఆ పిల్లకి వరండాలోనే అర్థమైంది.

"చిన్నప్పుడు దుప్పటి కావాలని రాస్తే లోటు లేదన్నారు మీరు. నిన్న వద్దని చెబితే కావాలన్నారు. నేను చెప్పింది చెప్పినట్టు ఎప్పుడు చెప్పేరు మాస్టారండీ?"

గొంతు పెంచలేదు. గౌరవం తగ్గించలేదు. చేతులు కట్టుకునే అడిగింది. మాస్టారు నీ మంచికే కదా అనబోయి ఆగిపోయారు. దుప్పటి మాట దాచినప్పుడు కూడా మంచికే అనుకున్నారు.

మూడు వారాలకి మిషను ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రూలు ప్రకారం దీనమ్మ ఫైలు మూసేశారు. ఇకముందు ఉత్తరాల అనువాదం ఆఫీసులోనే జరుగుతుందట. ఎడ్నాగారు ఏమైనా రాసిందా అని అడిగితే కనకరాజుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చాలా మంచి పని చేసేరు మాస్టారూ. ఇంకో నలుగురు దాతలు పాత ఉత్తరాలు తీసి చూసుకుంటున్నారట. ఉన్నది కూడా ఊడగొట్టేలా ఉన్నారు," అన్నారు.

మాస్టారు ఆ ఆదివారం గుళ్ళో ప్రసంగం చెప్పలేనన్నారు. ఒంట్లో బాగోలేదా అని అందరూ అడిగారు. ఇంట్లో మోకాళ్ళ మీద ఉండి కూడా మాట రాలేదు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ అందరూ సంతోషంగానే ఉన్నారు ప్రభువా, నిజం చెబితే ఎవరికి మేలు జరిగింది అని మాత్రం లోపల తిరుగుతోంది. అలా అడగడం తప్పేమో కూడా ఆయనకి తెలియలేదు. మరి ఇన్నాళ్ళూ ఆ సంతోషం ఎవరిది అని ఇంకో ప్రశ్న దాని వెనకే వచ్చింది.

ఆగస్టు ఆఖరి శుక్రవారం పొద్దున్న దీనమ్మ ఆయన గుమ్మంలోకి వచ్చింది. సోమవారం నుంచి మిల్లుకి రమ్మన్నారని మావయ్య కబురు పెట్టాడట. ఆసుపత్రి మేట్రనుగారిని ఒకసారి కలిసి వస్తాను, ఒంటరిగా పోతే గేటు దగ్గరే ఆపేస్తారు, మీరు తోడు రండి అంది. మాస్టారు చొక్కా వేసుకోబోతుంటే, "ఒక్క మాటండి. అక్కడ మీరు మాట్లాడకండి. పక్కన నిలబడితే చాలండి," అంది. లోపల్నుంచి సుందరమ్మ, "ఆయనకి అదే కష్టమమ్మా," అంది.

సఖినేటిపల్లి వరకు బస్సు, అక్కడ్నుంచి పంటు పడవ మీద గోదావరి. ఎర్రనీళ్ళు ఒడ్డు ఒరుసుకుని పారుతున్నాయి.

మేట్రనుగారు యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. సర్టిఫికెట్లు చూసి మార్కులు బాగున్నాయంది. ఈ సంవత్సరం సీట్లన్నీ నిండిపోయాయి, అయినా ఫీజు, మెస్సు ఎవరు కడతారని అడిగింది. అడుగుతూ మాస్టారి వైపు చూసింది. మాస్టారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

దీనమ్మ అరచేతులు గౌనుకి తుడుచుకుంది. "కట్టేవాళ్ళు ఎవరూ లేరండి. నాకు అమ్మా నాన్నా లేరండి. సీటు కావాలండి. ఫీజు లేకుండా కావాలండి."

మేట్రనుగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ పిల్లని మళ్ళీ చూసింది. ఫీజు లేకుండా కుదరదంది. అయితే వార్డులో ఆయా పని ఖాళీగా ఉంది, ఏడాది పాటు చేస్తే తిండీ బసా ఇస్తాం, వచ్చే ఏటికి సీటు సంగతి చూద్దాం అంది. మాస్టారు అప్పుడే చేతులు జోడించబోతున్నారు.

"చేస్తానండి," అంది దీనమ్మ. "కానీ చూద్దాం అంటే మర్చిపోతారేమోనండి. వచ్చే ఏడు సీటు ఇస్తామని కాగితం మీద రాసివ్వండి."

జోడించబోయిన చేతులు మాస్టారు దించేసుకున్నారు. మేట్రనుగారి మొహంలో కోపమో నవ్వో తేలలేదు. "ఇలా అడగమని మీరు చెప్పేరా మాస్టారూ?"

"లేదండి," అన్నారు ఇశ్రాయేలు మాస్టారు. "నేను నేర్పింది వేరేదండి."

కమిటీ పెద్దని అడిగి చెబుతాను, బయట కూర్చోండి అంది మేట్రను. వరండాలో బెంచీ ఉంది. సాయంత్రం ఆఖరి పంటుకి ఇంకా మూడు గంటలుంది. మాస్టారు, ఏమంటావమ్మా, ఇస్తారంటావా అని అడిగారు. దీనమ్మ తలుపు వైపే చూస్తూ, "ఇవ్వకపోతే మళ్ళీ లోపలికి వెళ్ళి అడుగుతానండి," అంది.