నల్లమ్మ అరచేతిలో టెంకాయ

పొద్దున తొమ్మిదింటికి సువార్త ఐసీయూలోకి రాగానే చేతులు కడుక్కుని, మంచాలన్నిటికీ తలవైపు ఎత్తు సరిచేస్తుంది. చదునుగా పడుకోబెడితే ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుందని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. ఆమె ఫిజియోథెరపిస్టు. పడుకున్నవాళ్లను లేపడం ఆమె పని, లేపొద్దని బతిమాలడం బంధువుల పని.

నాలుగో మంచం మీద గుమ్మఘట్ట తిమ్మప్ప. చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు ఆయన్నే పిలుస్తారు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట అది నిలువుగా లేస్తుంది. వేరుశనగ కుప్ప దగ్గర కట్లపాము కరిచి ఊపిరి ఆడకపోతే ఆరు రోజులు వెంటిలేటర్ మీద పెట్టారు. నిన్ననే గొంతులో పైపు తీశారు. ఇవాళ జ్వరం, ఆయాసం. సాయంత్రానికి కఫం బయటికి రాకపోతే మళ్లీ పైపు వేయాల్సిందేనని డాక్టర్ ఐజాక్ అన్నాడు. రెండోసారి పైపు పడితే ఎందరు బయటపడతారో సువార్తకు తెలుసు.

మంచం చదునుగా ఉంది. దిండు తడిసింది. తిమ్మప్ప భార్య నల్లమ్మ కొంగు చాటున చెంచా దాచుకుంది.

"నీళ్లు పోసినావా పెద్దమ్మా?"

"పోయకుండా ఎట్లుంటా పాపా? నోరెండుకోని సైగ చేస్తాండాడు. మా ఊర్లో పగోడు అడిగినా నీళ్లు లేవనరు. ఊరందరికీ నీళ్లు చూపించినోడికి నేను చెంచాడు పోయద్దా?"

సువార్తకు ఒళ్లు మండింది. మంచం తలవైపు పైకెత్తింది. "ఆయనకింకా మింగే బలం లేదు పెద్దమ్మా. నువ్వు పోసినవి కడుపులోకి పోలేదు. ఊపిరిలోకి పోయినాయి."

నల్లమ్మ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "అయితే నా చేత్తో నేనే చంపుకుంటాండానా?"

ఏం చేయాలో తోచక, ఆంజనేయస్వామికి కొట్టాలని తెచ్చుకున్న టెంకాయను సంచిలోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని మొగుడి ఒళ్లంతా దిగదుడవడం మొదలుపెట్టింది. కుడి పక్కటెముకల అడుగుకు రాగానే టెంకాయ నిలువుగా లేచి నిలబడింది.

నేల తుడుస్తున్న ఆంజినమ్మ కర్రకు ఆనుకుని చూసి, "ఆడుండాయి నీళ్లు" అని మళ్లీ తుడుచుకోసాగింది. ఐజాక్ కేస్ షీటులో 'కుడివైపు, అడుగున' అని రాసుకున్నాడు.

సువార్త ఆయన్ను ఎడమ పక్కకు తిప్పి దిండు ఆనించింది. చేతులు దోసిలిలా ముడిచి టెంకాయ చూపిన చోటే లయగా తట్టింది. "దగ్గు పెదనాయనా! ఇంకొంచెం గట్టిగా!" ఆయన దగ్గాడు. నల్లమ్మ కూడా పక్కన నిలబడి దగ్గింది, తన బలం ఆయనకు అప్పిచ్చేదానిలా. కఫం కొంచెం కొంచెంగా కదిలింది. నర్సు దాన్ని గొట్టంతో లాగేసింది. మధ్యాహ్నం ఇద్దరు పట్టుకుని ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. కదిలిస్తే ప్రాణం పోతుందని నల్లమ్మ ఈసారి అనలేదు. గంటకోసారి టెంకాయ పెట్టి చూసింది. అది మెల్లమెల్లగా వాలుతూ వచ్చి, నాలుగింటికి అరచేతిలో హాయిగా పడుకుంది.

టెంకాయ పడుకుంటే నీళ్లు లేవని రైతు నెత్తిన చెయ్యి పెట్టుకుంటాడు. అది పడుకుందని ఆ జిల్లాలో జనం సంబరపడింది ఆ రోజే. మళ్లీ పైపు వేయాల్సిన పని పడలేదు.

పది రోజులకు తిమ్మప్ప వార్డులో కర్ర పట్టుకుని ఆరడుగులు నడిచి రొప్పుతున్నాడు. ఉరవకొండ నుంచి జయరాజు అనే రైతు వెతుక్కుంటూ వచ్చాడు.

"అన్నా, మా చేన్లో బోరుకు పాయింటు చూడల్ల. ఎప్పుడొస్తావు?"

ఆడవాళ్ల నీడ పడితే టెంకాయ లేవదని ముప్పై ఏళ్లు భార్యను గట్టు మీదే నిలబెట్టినవాడు తిమ్మప్ప. చేత్తో నల్లమ్మను చూపించాడు.

"నన్నేమడుగుతావప్పా? నా లోపల నీళ్లు యాడుండాయో నాకే తెలీలేదు. ఆమెనడుగు."

నల్లమ్మ కళ్లు తుడుచుకుంది, చేతులు చీరకు తుడుచుకుంది.

"శనివారం వస్తా. ముందు ఈయన్ని నిటారుగా కూసోబెట్టి నీళ్లు తాపిచ్చి, ఆ పైన వస్తా."