ఐసొలేషన్ గదిలో రత్నం

వరండాలో మాపు కర్రను గోడకు ఆనించి గంగారత్నం చేతులు కడుక్కుంటోంది. అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ చివరలు. కుళాయి పైన అంటించిన బొమ్మలు చూడనక్కర్లేదు, చేతులు వాటంతటవే తిరుగుతాయి. చూపు మాత్రం ఎదురుగా ఉన్న గాజు తలుపు మీదుంది.

లోపల మంచం మీద పద్మావతమ్మ గారు. పక్కన నీలం గౌను, మాస్కు, టోపీ, గ్లౌజులు తొడుక్కున్న హేమ. ముసలావిడ ఏదో అంది. హేమ భుజాలు కదిలేలా నవ్వింది. మాటలు బయటికి వినపడవు గానీ నవ్వు కనపడుతూనే ఉంది.

"నవ్వు, బాగా నవ్వు," అని గొణిగి గంగారత్నం చేతులు మరింత గట్టిగా రుద్దుకుంది.

మొన్నమొన్నటి దాకా ఆ గది తనది. తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక పద్మావతమ్మ గారికి కుట్ల దగ్గర చీము పట్టింది. మామూలు మందులకు లొంగని క్రిమి అన్నారు. అది వార్డంతా పాకకుండా ఆవిడను విడిగా ఉంచి, శుభ్రానికీ సాయానికీ పగలంతా ఒక్క మనిషినే పెట్టారు. ఆ మనిషి గంగారత్నం.

ఆమెది బందరు పక్కన గిలకలదిండి. పెళ్ళై బెజవాడ వచ్చి, వన్ టౌన్ సందుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. అక్కడ అందరూ "ఏయ్ చేపలూ" అని పిలిచేవారు. కరోనా రోజుల్లో మనుషులు దొరక్క అల్లాడుతున్న ఈ ఆసుపత్రిలో చేరాక "ఆయా" అయింది. ఇంట్లో మొగుడు సూరయ్య "ఒసే" అనేవాడు. అతను పోయాక అదీ లేదు. పేరు అడిగి, ఆ పేరుతో పిలిచింది పద్మావతమ్మ గారొక్కరే.

"గంగారత్నమా? అంత పొడుగు పిలవాలంటే నాకు ఆయాసం. రత్నం అంటాలే," అంది మొదటిరోజే.

ఆ పిలుపు కోసం లేని పని కల్పించుకుని మరీ లోపలికి వెళ్ళేది గంగారత్నం.

ఇంతలో మరో ఇద్దరు రోగుల్లో అదే క్రిమి కనపడింది. సిబ్బందందరికీ ముక్కులో పుల్ల తిప్పి పరీక్ష చేశారు. గంగారత్నం ముక్కులో అది కాపురం పెట్టిందని తేలింది.

"నీకేం జబ్బు లేదు గంగారత్నం. కానీ నీ నుంచి పేషెంట్లకి అంటుకోవచ్చు. మళ్ళీ పరీక్ష చేసి లేదని వచ్చేదాకా వాళ్ళ దగ్గరికి వెళ్ళకు," అంది పద్మశ్రీ సిస్టరు. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు పాకకుండా చూసే ఉద్యోగం ఆవిడది. ముక్కులో రాసుకోవడానికి మందిచ్చి, వరండాలు తుడిచే పనిలో వేసింది. గదిలోకి హేమను పంపింది.

హేమ ఆటోనగర్ మెకానిక్కు కూతురు. సన్నగా, చలాకీగా ఉంటుంది. గౌను విప్పేటప్పుడు ఏది ముందు తీయాలో, ఏది ఏ రంగు సంచిలో వేయాలో నేర్పింది గంగారత్నమే. ఇప్పుడు ఆ పిల్ల "అక్కా" అంటే ఒంటికి కారం రాసినట్టుంటోంది.

లోపల హేమ ఇడ్లీ తినిపిస్తోంది. పద్మావతమ్మ గారు వణికే చెయ్యెత్తి ఆ పిల్ల చెంప నిమిరింది. మాస్కు ముక్కు కిందికి జారింది. హేమ సర్దుకోలేదు. ఆ చేతిని చెంపకు అదుముకుని అలాగే కూర్చుంది.

గంగారత్నాన్ని ఆవిడ ఎప్పుడూ అలా నిమరలేదు.

తడి చేతులు తుడుచుకోకుండానే పద్మశ్రీ సిస్టరు గదికి నడిచింది. "నాకెందుకులే గానీ సిస్టర్, హేమ లోపల మాస్కు దించేసింది. పేషెంటు చేత మొహం తాకించుకుంటోంది. నా కళ్ళతో చూశాను."

సిస్టరు వెంటనే లేచింది. హేమ తలుపు దగ్గర గౌను విప్పి పసుపు సంచిలో వేసి, తల వంచుకుని బయటికొచ్చింది. అంటుకుందేమో పరీక్ష చేయాలి, తేలేదాకా ఆమె కూడా బయటే.

"నువ్వు చెప్పావా అక్కా?"

"రూలు అందరికీ ఒకటే," అంది గంగారత్నం మొహం తిప్పుకుని.

"నీ రిపోర్టు వచ్చింది గంగారత్నం. ఇప్పుడు నీలో ఏం లేదు. గౌను వేసుకుని నువ్వెళ్ళు," అంది సిస్టరు.

గౌను ముళ్ళు వేసుకుంటుంటే పెళ్ళికి ముస్తాబవుతున్నంత సంబరమైంది. నన్ను చూసి ఏమంటుందో! ఇన్నాళ్ళూ ఏమైపోయావే అంటుందా?

"రత్నం, ఇడ్లీ మధ్యలో వదిలేసి ఎక్కడికి పోయావే?" అంది పద్మావతమ్మ గారు.

గంగారత్నం చెంచా పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడకు చూపు మసక, చెవులూ అంతంతమాత్రం. మాస్కు పైన కళ్ళు తప్ప ఏమీ కనపడని మనుషుల్లో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

"చెయ్యి కడుక్కోవడానికెళ్ళానండి."

"సరే, చెప్పు. మీ నాన్న వల లాగితే తాబేలు పడిందన్నావుగా. తర్వాత?"

అది క్యాంటీన్లో టీ తాగుతూ తను హేమకు చెప్పిన సంగతి. సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్ల తన పేరే కాదు, తన చిన్నతనం కూడా పట్టుకుపోయింది. గంగారత్నం చెంచా ప్లేటులో పెట్టేసింది. అయినా చెప్పింది. వీపు డిప్పకు పసుపు రాసి నాన్న తాబేలును మళ్ళీ నీళ్ళలోకి వదిలిన వైనం చెబుతూ ముసలావిడ మూతి తుడిచింది.

"ఈ మధ్య నీ చెయ్యి తేలికైందనుకున్నా రత్నం. ఇవాళ మళ్ళీ మొరటుగా ఉంది," అని పద్మావతమ్మ గారు కళ్ళు మూసుకుంది. గ్లౌజు తొడిగిన చేతిని మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక ఊపిరి తీరు మారింది. డాక్టర్లు వచ్చారు. చేయగలిగింది చేశారు. పొద్దు వాలకముందే ఆవిడ వెళ్ళిపోయింది. కొడుకు జయంత్ ఏడ్చుకుంటూ వచ్చి తల్లిని అంబులెన్సులో పామర్రు తీసుకెళ్ళాడు.

గది కడగాలి. గంగారత్నం మందునీళ్ళ బకెట్టు తెచ్చుకునేసరికి తలుపు బయట హేమ నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా.

"చివర్లో ఏమన్నా అందా అక్కా?"

"రత్నం అంది."

హేమ తలూపింది. "నాతోనూ అంతే. మొదటిరోజు హేమనండీ అంటే మొహం ముడుచుకుంది. రత్నం ఇక రాదా అని అన్నం మానేసింది. మర్నాడు రత్నాన్నే వచ్చానన్నాను. ఎన్ని చేసినా అన్నీ నీ లెక్కలోకే పోయాయి. నువ్వంటే ఎంత ఒళ్ళుమంటగా ఉండేదో తెలుసా?"

గంగారత్నం బకెట్టు కింద పెట్టింది. "సిస్టరుతో చెప్పింది నేనే హేమా."

"తెలుసు."

హేమ గాజు తలుపులోంచి ఖాళీ మంచం వైపు చూసింది. తర్వాత లిఫ్టు వైపు వెళ్ళిపోయింది.

గంగారత్నం కర్టెన్లు విప్పింది. పరుపుకు రెండు వైపులా, మంచం కోళ్ళకు, తలుపు పిడికి మందునీళ్ళ గుడ్డ పెట్టింది. మందుల బల్ల సొరుగు లాగింది. మూలకు జరిగిన డబ్బాలో పద్మావతమ్మ గారి కళ్ళజోడు, ఇంటి దగ్గర మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టింది పెట్టినట్టే, ఆసుపత్రికొచ్చాక ఒక్కసారీ విప్పకుండా ఉంది.