ఉత్తరపు కిటికీ

పట్టకారుతో ఎత్తిన ముత్యాన్ని తెల్లగుడ్డ మీద దించి, ఇసోబె నవోయా తలెత్తి కొండకేసి చూశాడు. ముత్యం కూడా అతని చూపు వెంట వెళ్లింది. రొక్కో కొండ మీది చెట్లలో గుండ్రంగా, పాలిపోయిన నీడలా తేలింది. అది చెరిగిపోయేదాకా మెల్లగా ఊపిరి తీస్తూ కూర్చున్నాడు. అప్పుడు కళ్లు దించి రెండో ముత్యాన్ని చూశాడు. గుడ్డ మీద ఎప్పటిలాగే లెక్కలేనన్ని చుక్కలు, ఉడుకుతున్న గంజి మీది నురగలా చిటచిటలాడుతున్నాయి.

చెవిపోగులకు జతలు కుదర్చడం అతని పని. సైజూ, గుండ్రదనమూ, మెరుపూ ఒకటైతే చాలదు. లోపలి నుంచి వచ్చే గులాబీ ఛాయ కూడా ఒకటే కావాలి. ఆ ఛాయ కరెంటు దీపానికి దొరకదు. ఉత్తరపు కిటికీలోంచి కొండ మీదుగా వచ్చే నిలకడైన వెలుగులోనే పని మొదలవుతుంది, ఆ వెలుగు వాలగానే ఆగుతుంది. కొబె ఊళ్లో ముత్యాలవాళ్లందరికీ ఆ కిటికీయే దేవుడు.

నవోయాకి ముప్పై దాటి కొన్నేళ్లయింది. సన్నటి మెడ, ముందుకు వంగిన భుజాలు, కళ్ల చుట్టూ వయసుకు మించిన ముడతలు. ఎండైనా మబ్బైనా నెత్తిన ముదురు నీలం టోపీ లేకుండా గడప దాటడు. గదిలో మిగతావాళ్లు రెండు జతలు కుదిర్చేలోపు అతను ఒకటి కుదురుస్తాడు. దాన్ని జాగ్రత్త అనుకుంటారు అందరూ. అనుకోరూ మరి? వాళ్లు కుదిర్చిన పెట్టెలు కిటికీ పక్కనుంచి చీవాట్లతో సహా తిరిగి వస్తాయి. అతనిది మాత్రం ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

కిటికీ పక్క చోటు హిరొసె సుమి గారిది. గదిలో ఎవరు కుదిర్చిన జతలైనా ఆవిడ చూపు పడ్డాకే పొట్లం కడతారు. పొట్టి మనిషి. చేతులకు నల్లటి తొడుగులు, నెరిసిన జుట్టు చిన్న ముడి. పొద్దున్నే వచ్చి, తన మొదటి ఏడు జీతంతో కొనుక్కున్న ఒక ముత్యాన్ని గుడ్డ మీద పెట్టి, "ఏవమ్మా, నువ్వు నువ్వేనా?" అని పలకరిస్తుంది. నిన్నటిలాగే కనిపిస్తే పనిలోకి దిగుతుంది. కనిపించకపోతే తప్పు ముత్యానిది కాదు కంటిది, ఆ రోజు ముత్యాలు ముట్టదు. ఇవాళ కూడా అలాగే పలకరించింది. ఇవాళే ఆవిడకి ఆఖరు రోజు.

యజమాని కదొవాకి పళ్లు కుట్టుకుంటూ వచ్చి నవోయా భుజం మీద బరువుగా చెయ్యి వేశాడు.

"రేపట్నుంచి కిటికీ నీదేనయ్యా ఇసోబె. ఒక్క పెట్టె వెనక్కి రాని మనిషివి. ఇంకెవరికిస్తా? నీ నత్తనడక చూసి మొదట్లో మండిపోయేవాణ్ణి. ఇప్పుడా నత్తే గెలిచింది!"

గదిలో అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నవోయా లేచి నడుం వంచాడు. తన పనికి వెనకాల సుమి గారి కళ్లున్నాయి కాబట్టే ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాడు. రేపు తన వెనక గోడే ఉంటుంది.

మధ్యాహ్నం అందరితో పాటు నూడుల్స్ తినడానికి మెట్లు దిగాక తెలిసింది టోపీ మరిచిపోయానని. టోపీ లేకపోతే ఆకాశం వైపు కన్నెత్తలేడు, నీలమంతా పురుగుల్లా కదులుతుంది. వెనక్కి వెళ్లి తలుపు జరిపాడు.

సుమి గారు అతని బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. అతని పెట్టె తెరిచి, పొద్దుటి నుంచీ కుదిర్చిన జతల్ని విడదీసి మళ్లీ కలుపుతోంది. పట్టకారు గబగబా కదులుతోంది. అది కదిలిన దారంతా అతని కళ్లకి పట్టకార్ల వరస కనిపించింది.

"సుమి గారూ..."

ఆవిడ ఉలిక్కిపడలేదు. "చూశావా? సరే, తలుపెయ్యి. చలి."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వా టోపీ పెట్టుకోవడం మొదలెట్టినప్పట్నుంచి. కొత్తవాడివి కదా అని మొదట ఒకటీ అరా మార్చా. తర్వాత నీకు మాట రాకూడదని మార్చా. ఆ తర్వాత నాకే అలవాటైపోయింది. ముసలిదానికి టీ అలవాటు కాదూ, అలాగ."

నవోయా తన బల్ల ముందు కూలబడ్డాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఇన్నేళ్లుగా తాను ఆ పిల్లి. చెవులు కాలిపోయేంత సిగ్గు వేసింది.

సుమి గారు తన ముత్యాన్ని తెచ్చి, అతని ముందు గుడ్డ మీద అటునుంచి ఇటు దొర్లించి ఆపింది. "ఎన్ని?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "రెండు... ఉండండి... ఇప్పుడు ఒకటి."

ఆవిడ నవ్వలేదు. "అదన్నమాట నీ నత్తనడక. నువ్వు ఆగేది చాలట్లేదు నాయనా. మొదటిదాని ఛాయ రెండోదాని మీద కూర్చుంటోంది. అందుకే నీకు లోకంలో ప్రతి ముత్యానికీ జత దొరుకుతోంది. ఏమైంది నీ కళ్లకి?"

"పుట్టగొడుగులు తిన్నానండీ."

"అడివివా? మా అత్తగారు తిని మూడు రోజులు తలుపు దగ్గరే కూర్చుంది. అదీ కడుపుకి పట్టింది గానీ కళ్లకి పట్టలేదే!"

"అవి కాదండీ. మత్తువి."

మొట్టమొదటిసారి చెప్పాడు. అప్పట్లో ఒసాకాలో కొట్లోనే అమ్మేవారు, గాజు పెట్టెలో, 'చూడ్డానికి మాత్రమే' అన్న చీటీ అంటించి. చూడ్డానికని ఎవడు కొంటాడు? వేసవిలో నలుగురు స్నేహితులు సుమా బీచిలో కూర్చుని తిన్నారు. సముద్రం ఊపిరి పీల్చింది. ఇసకలో పువ్వులు విచ్చాయి. నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టాయి. తెల్లారాక వేడన్నంలో పచ్చిగుడ్డు కొట్టుకుని తిని ఎవరిళ్లకి వాళ్లు పోయారు. మిగతా ముగ్గురికీ అది ఒక రాత్రి. ఒకడు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, కూతురు కూడా పుట్టింది. నవోయాకి మాత్రం ఆ రాత్రి ఇంకా అయిపోలేదు. మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. కంటి డాక్టరు కళ్లు అద్దాల్లా ఉన్నాయన్నాడు. అప్పటిక్కూడా నవోయా నోరు విప్పలేదు. చెబితే డాక్టరు మొహం ఎలా మారుతుందో ఊహించుకునే లేచి వచ్చేశాడు. తేలు కుట్టిన దొంగ కుయ్యిమంటాడా?

"మళ్లీ తిన్నావా?"

"ఒట్టు. సారాయి కూడా మానేశాను."

సుమి గారు పెట్టె మూత వేసింది. "నీకు మేలు చేస్తున్నాననుకున్నా. కీడే చేశాను. మొదటి పెట్టె నీ మొహాన కొట్టుంటే అప్పుడే వేరే పని చూసుకునేవాడివి. ఇప్పుడు నా కుడికంటికి పొర కమ్మింది, అందుకే పోతున్నా. ఇవాళ పొద్దున్న కూడా నా ముత్యం నిన్నటిలా లేదు. ఉందని అబద్ధమాడాను, నీ పెట్టె సరిచెయ్యాలిగా. పో, కదొవాకి గారికి చెప్పు. నేను గుమ్మం దాటేలోపు చెప్పు."

"మీరు మార్చారని..."

"అది నీ ఇష్టం," అంది ఆవిడ, అన్నం డబ్బా విప్పుతూ. ఎర్రటి ఊరగాయ పండు మెతుకుల మధ్య నుంచి జారి మూతలో పడింది. దాన్ని తీసుకోవడానికి ఆవిడ రెండుసార్లు తడుముకుంది.

వెలుగు వాలింది. ముత్యాలన్నీ ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. పక్క గదిలో పూలగుత్తి కాగితం చప్పుడవుతుండగా నవోయా యజమాని గదిలోకి వెళ్లి, తలుపు మూసి, మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పాడు. పుట్టగొడుగులూ, చుక్కలూ, ఒకటి రెండుగా కనపడటమూ. సుమి గారి సంగతి ఒక్కటి మింగేశాడు.

కదొవాకి లేచి, తలుపు కొంచెం జరిపి బయటికి చూసి, మళ్లీ గట్టిగా మూశాడు.

"నేనేం వినలేదు. నువ్వేం చెప్పలేదు."

"అప్పుడు నిషేధం లేదండీ."

"కొనేవాడు తేదీలు అడుగుతాడటయ్యా? ముత్యాలు కుదిర్చేవాడి మీద మత్తుమందు అన్న మాట ఒక్కటి పడితే చాలు. మన పొట్లం మీద ఎవడూ చెయ్యి వెయ్యడు. ఆ అమ్మాయిలందరి నోట్లోనూ మట్టే."

"అందుకే నన్ను కిటికీ దగ్గర వద్దండీ. పొట్లాలు కడతాను, దారం ఎక్కిస్తాను. గది ఊడవమన్నా ఊడుస్తాను."

"ఉన్నట్టుండి ఇసోబెని ఎందుకు దించారని అడగరూ? ఏం చెప్పమంటావు?" కదొవాకి గొంతు తగ్గించాడు. కోపం పోయి బతిమాలుతున్నట్టుంది. "తప్పులు చేస్తాను చేస్తాను అంటున్నావు. ఇన్నేళ్లలో చేశావా? తిరిగొచ్చిన పెట్టె ఒక్కటి చూపించు!"

ఆ ప్రశ్నకి జవాబు పక్క గదిలో పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది. నవోయా నోరు తెరిచాడు. ఆఖరు రోజున ఆవిణ్ణి ఈ చాప మీద కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"చూశావా, లేదు. పద పద, ముసలావిడ ఎదురుచూస్తోంది."

అందరూ వీధిలోకి వచ్చారు. సుమి గారు టాక్సీ వద్దంది, కొండ దిగి స్టేషనుకి నడిచే పోతానంది. వెళ్లబోతూ నవోయా ముందు ఆగింది. చెప్పావా అని కళ్లతోనే అడిగింది. అతను తలూపాడు. ఆవిడ మొహం తేటపడింది. బరువు దిగిన మనిషిలా చిన్నగా నవ్వి, అతని టోపీ అంచు కిందికి లాగి సరిచేసింది.

"హమ్మయ్య. ఇక హాయిగా నిద్రపో నాయనా."

నిజం చెప్పడానికి అప్పటికే ఆలస్యమైపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా అందరూ నడుం వంచి ఉన్నారు. నవోయా ఒక్కడే తలెత్తి చూశాడు. దిగుతున్న దారంతా ఒకరి వెనక ఒకరు సుమి గార్లు, చేతుల్లో పువ్వులతో. అసలావిడ మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే ఉన్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి, అవి చెరిగిపోకూడదని కోరుకున్నాడు. చెరిగిపోయాయి.

సంచీ కోసం మెట్లెక్కాడు. గదిలో ఎవరూ లేరు. కిటికీలో కొండ నల్లబడుతోంది. సుమి గారి బల్ల తుడిచి, తెల్లగుడ్డ ఒక్కటి పరిచి ఉంది, నల్ల తొడుగులు కూడా తీసుకెళ్లింది. ఆ కుర్చీ రేపట్నుంచి తనది. వెళ్లి అందులో కూర్చున్నాడు. కాళ్లు ఇమడలేదు. ఆమె ఎత్తుకి సరిపోయేలా కోసిన కుర్చీ.

ముందున్న తెల్లగుడ్డ మీద రెండు ముత్యాలు కనిపించాయి. నవోయా కొండకేసి తిరిగి, ఊపిరి తీస్తూ, ఎప్పుడూ ఆగనంతసేపు ఆగి, మళ్లీ చూశాడు.

సుమి గారు రోజూ పలకరించే ముత్యం, గుడ్డ మధ్యలో, ఒక్కటే ఉంది.