గోడకెక్కని సముద్రం

ప్రభువు ద్రహోస్లావ్‌గారి బండి ఇరవై రెండేళ్లు తోలాను. బొమ్మలంటే ఆయనకు ప్రాణం. బొహీమియాలో ఏ మూల చెయ్యి తిరిగిన చిత్రకారుడు ఉన్నాడని విన్నా నన్ను గుర్రాలు కట్టమనేవారు. కోటలో వేటకుక్కలకన్నా చిత్రకారులే ఎక్కువని వంటవాళ్లు నవ్వుకునేవారు.

దొరసాని ఫియొరెంజాగారిది ఆడ్రియాటిక్ సముద్ర తీరం; మా బొహీమియాకు సముద్రమే లేదు. ఒక చలికాలం జ్వరం వచ్చి తగ్గాక ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. మంచంలోంచే, "ఒక్కసారి సముద్రం చూడాలనుందండీ," అన్నారు. అంత ప్రయాణం ప్రాణానికే ముప్పని వైద్యుడు అడ్డుపడ్డాడు. అప్పుడు ప్రభువు ఆమె మంచానికెదురు గోడ నిండా సముద్రం వేయమని హావెల్ అనే చిత్రకారుడికి చెప్పారు.

హావెల్ సముద్రం చూసి ఎరగడు. ఆ మాటకొస్తే ప్రభువూ ఎరగరు. ఆరు నెలలు కష్టపడి వేసిన బొమ్మ మీది తెర తీయగానే దొరసాని కిసుక్కున నవ్వారు.

"ఏమయ్యా హావెల్, ఇందులో గాలం వేస్తావా? అచ్చం మన చేపల చెరువే!"

హావెల్ ముఖం మాడిపోయింది. గోడకు సున్నం కొట్టేసి, "చూసొచ్చి వేస్తాను దొరా, సెలవివ్వండి," అని వెళ్లినవాడు రెండేళ్లయినా తిరిగి రాలేదు.

చివరకు అతణ్ణి వెతుక్కుంటూ ప్రభువే బయలుదేరారు. పదమూడో రోజు పొద్దున కొండ మలుపు తిరగగానే నా చేతులు వాటంతటవే కళ్లేలు లాగాయి. నీళ్లెక్కడ ముగిశాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలియలేదు. పడవలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయి.

హావెల్ రాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ వందలకొద్దీ చెక్కపలకలు, ఒక్కోదాని మీద ఒక్కో రంగు.

"ఎన్నాళ్లురా ఈ నాటకం?" ప్రభువు గద్దించారు.

"నాటకం కాదు దొరా. రంగు కలిపేలోపే మారిపోతోంది. మీరే కూర్చుని చూడండి."

ప్రభువు కూర్చున్నారు. నీళ్లు పాలరంగు వదిలి పచ్చబడ్డాయి, మెల్లగా ఊదాలోకి జారాయి. అలలు బూట్లు తడిపినా ఆయన కదల్లేదు. పొద్దుగూకాక లేచి, "ఇది గోడ మీదికి రాదు. బండి వెనక్కి తిప్పు, మతౌష్," అన్నారు.

కోట చేరగానే ప్రభువు దొరసాని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"దారిలో ఏమైనా కావచ్చంటున్నాడు వైద్యుడు. నీ ఇష్టం ఫియొరెంజా."

"ఈ మంచం మీద పోవడం కన్నా బండిలో పోవడం నయం. చూస్తారేం, లేపండి!"

బండిలో పరుపులు పరిచి, కుదుపు తగలకుండా మెల్లగా నెలరోజులు నడిపించాను. సముద్రం ఇంకా కనబడకముందే ఆమె కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు. ప్రభువే ఆమెను ఎత్తుకుని నడుము లోతు నీళ్లలోకి నడిచారు. ఆమె వేళ్లు ముంచి నాలుకకు రాసుకున్నారు.

"నన్నొదిలేసి ముందే చూసొచ్చారా? దొంగ!"

ప్రభువు నవ్వబోయి ఏడ్చేశారు.

జాలరుల వాడలో ఇల్లు తీసుకుని అక్కడే ఐదేళ్లు ఉన్నారు. ఆరో ఏడు వసంతంలో కిటికీ దగ్గర కూర్చునే ఆమె కన్నుమూశారు. ప్రభువు ఆ తీరం వదల్లేదు. కోటలోని చిత్రకారులే ఒక్కొక్కరుగా ఆయన దగ్గరికి చేరారు. వాళ్లందరినీ తోలుకొచ్చింది నేనే.