మబ్బురోజు జలపాతం

తెల్లారేసరికి ఆకాశం నిండా మబ్బు పట్టింది. మబ్బు వెలుతురులో నీళ్ళ ఎరుపు ఎవరి కంటికీ ఆనదని రంగుల మిల్లువాళ్ళు ఇలాంటి రోజే మురుగునీళ్ళ గేటెత్తిస్తారు. అందుకే ఫోటోగ్రాఫర్ మిల్లు వెనక వంతెన మీద కెమెరా నిలబెట్టి, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మిల్లు గోడ మీంచి ఏట్లోకి దూకే జలపాతం ఎర్రబడగానే, ఆ మిల్లులోనే పనిచేస్తూ గేటెత్తిన అతని బామ్మర్ది పరుగెత్తుకొచ్చి లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పావుగంట ఆగు బావా, నీళ్ళు తెల్లబడతాయి. అప్పుడు తీసుకో.”

“తెల్లనీళ్ళ బొమ్మ పత్రికవాళ్ళకెందుకురా?”

“ఇది అచ్చయితే ముందు నా ఉద్యోగమే ఊడుతుంది. అక్కకేం చెప్తావో చూసుకో.”

“కింద ఈ నీళ్ళు తాగేవాళ్ళకి నువ్వేం చెప్తున్నావు?”

బామ్మర్ది లెన్సు మీంచి చెయ్యి తనే తీసేశాడు. ఫోటోగ్రాఫర్ మీట నొక్కాడు.

మధ్యాహ్నం ఫోటోగ్రాఫర్ భార్య ఇద్దరికీ కలిపి పంపిన క్యారియర్‌ను వంతెన మెట్ల మీద విప్పుకుని, పక్కపక్కన కూర్చుని తిన్నారు.